ఆపరేషన్ అయ్యాక నిద్రపోనివ్వరెందుకు?

డాక్టరుగారు థియేటర్ బయటికొచ్చి ఆపరేషన్ బాగా జరిగిందని చెప్తారు. బయట కూర్చున్నవాళ్ళ గుండెల మీద బరువు దిగుతుంది. కాసేపటికి మనిషిని మంచం మీదికి చేరుస్తారు. అక్కణ్ణించి సిస్టర్ రాకపోకలు మొదలు. బి.పి. పట్టీ చుడుతుంది, కాళ్ళు కదపమంటుంది, దుప్పటి తీసి కట్టు చూస్తుంది, మూత్రం సంచి ఎత్తి గీతలు లెక్కపెడుతుంది. పావుగంటకోసారి పేరు పెట్టి పిలిచి మరీ లేపుతుంది. "ఇప్పుడే కన్ను మూతపడిందమ్మా, ఓ గంటాగి చూడకూడదూ?" అని పక్కనున్న పెద్దావిడ బతిమాలుతుంది. సిస్టర్ సరేనంటూనే పట్టీ బిగిస్తుంది. అంతా బాగానే జరిగితే ఈ లేపడాలెందుకు?

ఈ ప్రశ్న తెలుగునాట చాలా ఇళ్ళలో వినిపించేదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తానికి చూస్తే ఇది 21.5 మాత్రమే. మన దగ్గర ఇంత ఎక్కువెందుకన్నది వేరే పుస్తకానికి సరిపడా గొడవ. ఇక్కడ చెప్పుకోవాల్సింది, ఆపరేషన్ తర్వాతి రాత్రిని దగ్గరుండి చూసినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారని.

జవాబు క్లుప్తంగా ఇదీ. ఆపరేషన్ తర్వాత వచ్చే ప్రమాదాలు చాలావరకు వేళ పాటిస్తాయి. మొదటి గంటలో ఊపిరికి, మొదటి రోజున రక్తానికి, ఆ తర్వాత రెండు మూడు రోజులు ఊపిరితిత్తులకూ కాళ్ళకూ పేగులకూ, వారం తిరిగేసరికి గాయానికి ముప్పు ఎక్కువ. సిస్టర్ రౌండ్లు ఆ వేళల్ని బట్టే ఉంటాయి. నర్సింగ్ లైసెన్సు పరీక్షల్లో శస్త్రచికిత్స విభాగం నుంచి వచ్చే ప్రశ్నల్లో చాలా ఈ వేళల చుట్టూనే తిరుగుతాయి.

మత్తు దిగే గంట

మత్తుమందు ఇచ్చి పడుకోబెట్టిన మనిషి నిద్రపోతున్నాడని అంటాం గాని, అది మామూలు నిద్ర కాదు. మామూలు నిద్రలో గొంతులోకి చుక్క నీరు జారినా ఉలిక్కిపడి దగ్గుతాం. పూర్తి మత్తులో ఆ కాపలా ఉండదు. కండరాలన్నీ సడలి, వెల్లకిలా పడుకున్న మనిషి నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది. అప్పుడు గురక వస్తుంది. బంధువులకి అది హాయిగా నిద్రపోతున్న చప్పుడు. సిస్టర్‌కి అది గాలి దారి సగం మూసుకున్న చప్పుడు. గురక ఆగిపోయి ఛాతీ మాత్రం ఎగసిపడుతుంటే దారి పూర్తిగా మూసుకున్నట్టు. అందుకే దవడ ముందుకెత్తి పట్టుకోవడం, మనిషిని పక్కకి ఒత్తిగిల్లేలా తిప్పడం రికవరీ రూములో మొట్టమొదట నేర్పే పనులు. థియేటర్ పక్కన ఇలాంటి చిన్న గది ఉండటం గురించి ఫ్లోరెన్స్ నైటింగేల్ 1863లోనే ఆస్పత్రుల మీద రాసిన పుస్తకంలో ప్రస్తావించారు. అది మామూలు ఏర్పాటుగా మారింది మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో, రెండో ప్రపంచ యుద్ధ కాలం నుంచి.

పక్కకి తిప్పడానికి ఇంకో కారణం వాంతి. న్యూయార్క్ ప్రసూతి వైద్యుడు కర్టిస్ మెండెల్సన్ 1932 నుంచి 1945 దాకా జరిగిన 44,016 కాన్పుల రికార్డులు తిరగేసి, వాటిలో 66 మందికి మత్తులో ఉండగా కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందని 1946లో ప్రచురించాడు. ఘనాహారం అడ్డుపడి ఇద్దరు ఊపిరాడక చనిపోయారు. మిగిలినవాళ్ళలో చాలామందిని బాధించింది కడుపులోని ఆమ్లం. ఆపరేషన్ ముందు ఏమీ తినొద్దనే నియమానికి బలం వచ్చింది ఆ పరిశీలనతోనే. కాలక్రమంలో అది ముదిరి "రాత్రి పన్నెండు దాటితే పచ్చి మంచినీళ్ళు కూడా వద్దు" అనేదాకా పోయింది. ఇప్పటి మార్గదర్శకాలు అంత కఠినంగా లేవు. నూనె వంటలకి ఎనిమిది గంటలు, తేలికపాటి తిండికి ఆరు గంటలు, మంచినీళ్ళలాంటి తేట ద్రవాలకి రెండు గంటల వ్యవధి చాలంటాయి. పాలు మాత్రం తిండి కిందే లెక్క. "టీయే కదా, నీళ్ళలాంటిదే" అని తెల్లవారుజామున ఓ కప్పు తాగి వచ్చినవాళ్ళ ఆపరేషన్ వాయిదా పడేది అందుకే. మీ విషయంలో గడువు ఎంతన్నది మీ మత్తు డాక్టరు చెప్పాలి, కప్పు దాచిపెట్టి తాగితే నష్టం మీకే.

రికవరీ రూము నుంచి వార్డుకి ఎప్పుడు పంపవచ్చో తేల్చడానికి ఆంటోనియో ఆల్డ్రెట్ 1970లో ఒక మార్కుల పట్టిక ప్రకటించాడు. కాళ్ళూ చేతులూ కదుపుతున్నాడా, గట్టిగా ఊపిరి తీసి దగ్గగలడా, బి.పి. మునుపటికి దగ్గరగా ఉందా, పిలిస్తే పలుకుతున్నాడా, ఒంటి రంగు ఎలా ఉంది. ఒక్కోదానికి రెండేసి మార్కులు, మొత్తం పది. తొమ్మిది వస్తే వార్డుకి. సిస్టర్ పేరు పెట్టి పిలిచేది, కాలు ఎత్తమనేది ఈ పట్టికలో మార్కులు వెయ్యడానికే. 1995లో ఆల్డ్రెట్ స్వయంగా రంగు తీసేసి, ఆ చోట రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని పెట్టాడు. మంచి మార్పే. చామనఛాయ, నలుపు ఒళ్ళ మీద నీలిరంగు పట్టుకోవడం ఎంత అనుభవం ఉన్నా కష్టం. ఆ శాతాన్ని చూపే వేలి క్లిప్పు వెనక ఉన్న ఉపాయం జపాన్ ఇంజనీరు టకువో అవోయగీది, 1974 నాటిది. కోవిడ్ కాలంలో మన ఇళ్ళలోకి వచ్చింది ఆ క్లిప్పే.

క్లిప్పుని కూడా పూర్తిగా నమ్మకూడదు. ముక్కుకి ఆక్సిజన్ పెట్టి ఉన్న మనిషికి ఊపిరి మందగించినా అంకె చాలాసేపు 98 దగ్గరే నిలబడగలదు. నొప్పి తగ్గించే మార్ఫిన్ తరహా మందులు అలా ఊపిరిని మందగింపజేస్తాయి. కాబట్టి సిస్టర్ గడియారం చూస్తూ నిమిషంపాటు ఛాతీ కదలికలు లెక్కపెడుతుంది. పన్నెండుకి తగ్గితే కనిపెట్టుకుని ఉండాలి. ఎనిమిదికి దిగితే మందు ఆపి డాక్టర్ని పిలవాలి. ఆ నిమిషంలో ఆమెని పలకరించకండి, లెక్క తప్పుతుంది.

బి.పి. దాచిపెట్టే సంగతి

ఈ అధ్యాయంలో ఒక్క సంగతే గుర్తుపెట్టుకునే ఓపిక ఉంటే, ఇది పెట్టుకోండి. లోపల రక్తం కారుతున్నప్పుడు బి.పి. చిట్టచివర పడిపోతుంది.

ఊళ్ళో పరువుగా బతికిన ఇల్లు అప్పుల్లో పడితే ఏం జరుగుతుంది? మొదట పాలేరుని మానిపిస్తారు. పెరట్లో గొడ్డుని అమ్మేస్తారు. వెనక గదుల్లో దీపాలు తగ్గుతాయి, వంటింట్లో కూరలు రెండు నుంచి ఒకటవుతాయి. వీధి అరుగుకి మాత్రం పండక్కి సున్నం పడుతుంది. వచ్చినవాళ్ళకి కాఫీ ఇత్తడి గ్లాసులోనే వస్తుంది. దారినపోయేవాడికి ఇల్లు బ్రహ్మాండంగా ఉన్నట్టే. అప్పులవాడు వచ్చి అరుగు మీద కూర్చున్ననాడు ఊరందరికీ ఒకేసారి తెలుస్తుంది, అప్పటికి లోపల అమ్మడానికి కూడా ఏమీ ఉండదు.

శరీరం చేసేదీ ఇదే. పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. అది కారిపోతుంటే మెదడుకీ గుండెకీ సరఫరా తగ్గనివ్వకుండా మిగతా చోట్ల ఖర్చు కోస్తుంది. మొదట చర్మానికి తగ్గిస్తుంది, చేతులూ కాళ్ళూ చల్లబడతాయి. పేగులకి తగ్గిస్తుంది. మూత్రపిండాలకి తగ్గిస్తుంది, మూత్రం పలచబడ్డం మాని చిక్కబడుతుంది, పరిమాణం తగ్గుతుంది. గుండె వేగం పెంచి, ఉన్న కాస్త రక్తాన్నీ త్వరత్వరగా తిప్పుతుంది. బి.పి. వీధి అరుగు. ముప్పావు లీటరు దాకా పోయినా పైకి పెద్ద తేడా కనబడకపోవచ్చు. లీటరున్నర దాకా కూడా పై అంకె దాదాపు నిలబడుతుంది, కింది అంకె కాస్త పెరిగి రెండింటి మధ్య దూరం తగ్గుతుంది, నాడి వంద దాటుతుంది. పై అంకె పడిపోవడం మొదలయ్యేసరికి దాదాపు మూడో వంతు రక్తం పోయి ఉంటుంది. వయసులో ఉన్నవాళ్ళు ఈ దర్జాని మరీ ఎక్కువసేపు నిలబెడతారు, పడినప్పుడు మరీ వేగంగా పడతారు.

కాబట్టి సిస్టర్ చూసేది ఒక్క అంకెని కాదు, అంకెల నడకని. ఉదాహరణకి నాడి 78, పావుగంటకి 90, మరో పావుగంటకి 106, బి.పి. పై అంకె 120, 118, 114. విడివిడిగా ఏ అంకె చూసినా పెద్దగా కంగారుపడాల్సింది లేదు. వరసలో చూస్తే వెన్ను జలదరించాలి. పావుగంటకోసారి రాసుకోకపోతే ఆ వరస అసలు దొరకదు, గంట నిద్రపోనిచ్చి చూస్తే వరసలో సగం మెట్లు మాయమవుతాయి. మొదటి గంట పావుగంటకోసారి, తర్వాత అరగంటకి, ఆపైన గంటకి, కుదుటపడ్డాక నాలుగు గంటలకి అని చాలా వార్డుల్లో లెక్క పెట్టుకునేది ఇందుకే. నొప్పితో కూడా నాడి పెరుగుతుంది, నిజమే. అప్పుడు నొప్పి తగ్గించి మళ్ళీ చూడాలి. తగ్గకపోతే అది నొప్పి కాదు. రోజూ అటెనొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకి నాడి పెరగాల్సినంత పెరగదు, వాళ్ళ విషయంలో ఈ హెచ్చరిక కూడా సగమే పనిచేస్తుంది. వేసుకునే మాత్రల చీటీ సిస్టర్‌కి ఇవ్వడం అందుకే ముఖ్యం.

అంకెలు కాని గుర్తులూ ఉన్నాయి. కట్టు మీద ఎర్రటి మరక కనబడితే సిస్టర్ దాని చుట్టూ పెన్నుతో గీత గీసి పక్కన టైము వేస్తుంది, అరగంట తర్వాత మరక గీత దాటిందా లేదా అని చూస్తుంది. మొదటి కట్టుని ఆమె విప్పదు. తడిస్తే పైన ఇంకో పొర వేసి సర్జన్‌కి కబురు చేస్తుంది. పరీక్షల్లో ఇది తరచూ వచ్చే ప్రశ్న, విప్పి చూస్తానన్న అభ్యర్థికి మార్కు పోతుంది. పై కట్టు పొడిగా ఉన్నా నడుం కింద చెయ్యి పెట్టి చూడాలి. రక్తం పల్లానికి పోతుంది, పొట్ట మీద గాయం కారితే తడిసేది వీపు కింది దుప్పటి. సిజేరియన్ అయిన తల్లికైతే పొట్ట మీద చెయ్యి పెట్టి గర్భసంచి గట్టిపడిందో లేదో, ప్యాడ్లు ఎన్ని తడిశాయో చూస్తారు. మూత్రం గంటకి కిలో బరువుకి అర మిల్లీలీటరు రావాలి, అంటే 60 కిలోల మనిషికి 30. సంచి ఎత్తి గీతలు చూసేది ఈ 30 కోసం.

ఇక మనిషి తీరు. ఉన్నట్టుండి చిరాకుపడటం, దుప్పటి తన్నేయడం, "ఏదో భయంగా ఉంది, నోరెండిపోతోంది" అనడం. ఇంట్లోవాళ్ళు "ఊరికే బెంగపడుతోంది, నిద్రమాత్ర ఇవ్వండి" అంటారు. మెదడుకి ఆక్సిజన్ తగ్గినప్పుడు మొదట వచ్చేది ఈ అలజడే. దానికి నిద్రమాత్ర ఇవ్వడమంటే మోగుతున్న గంటకి గుడ్డ కట్టడం.

లేపి నడిపించే రోజు

పొత్తికడుపు ఆపరేషన్ అయినవాళ్ళని ఒకప్పుడు రెండు మూడు వారాలు మంచం దిగనిచ్చేవారు కాదు. కదిలితే కుట్లు విడిపోతాయని భయం. షికాగోలో ఎమిల్ రీస్ అనే సర్జన్ 1899లో తన రోగుల్ని మొదటి రోజుల్లోనే లేపి నడిపిస్తున్నానని, త్వరగా కోలుకుంటున్నారని రాస్తే పట్టించుకున్నవాళ్ళు తక్కువ. ఆ పద్ధతి విస్తరించింది 1940లలో, యుద్ధంలో మంచాలూ మనుషులూ చాలనప్పుడు. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళి, త్వరగా తినిపించడం, త్వరగా నడిపించడం, మార్ఫిన్ తక్కువగా వాడటం కలిపి ఒక పద్ధతిగా పెట్టాడు.

నడకతో కలిసొచ్చేవి చాలా. రక్తం గడ్డకట్టడానికి మూడు కారణాలని 1856లో రుడాల్ఫ్ విర్కో వివరించాడని చెప్తారు: పారుదల మందగించడం, రక్తనాళం గోడ దెబ్బతినడం, గడ్డకట్టే గుణం పెరగడం. ఆపరేషన్ అయిన మనిషికి మూడూ ఉంటాయి. మనం మార్చగలిగింది మొదటిది. పిక్క కండరం బిగిసి వదిలినప్పుడల్లా కాలి సిరల్లో రక్తం పైకి పోతుంది. మంచం మీద పాదాలు ఆడించమనేది అందుకే. ఇక్కడ మన ఇళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. పడుకున్న పెద్దవాళ్ళకి కాళ్ళు పట్టడం మనకి ప్రేమ. ఆపరేషన్ తర్వాత ఒక పిక్క మాత్రం వాచి, వెచ్చగా, నొప్పిగా ఉంటే దాన్ని ముట్టుకోకండి. లోపల గడ్డ ఉంటే నలిపినప్పుడు ఊడి ఊపిరితిత్తులకి పోయే ప్రమాదం ఉంది. సిస్టర్‌కి చెప్పండి, అంతే.

ఊపిరితిత్తుల సంగతీ దగ్గరిదే. కోత నొప్పికి జనం పైపైన ఊపిరి తీస్తారు, అడుగు భాగంలో గాలి సంచులు ముడుచుకుపోతాయి, అక్కడ కఫం చేరుతుంది. మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఇచ్చేది వాటిని తెరవడానికి. చాలామంది దాన్ని పుట్టినరోజు బుడగలా ఊదుతారు. ఊదకూడదు, గొట్టంలోంచి లోపలికి పీల్చాలి, బంతులు పైనుండగా రెండు మూడు సెకన్లు పట్టాలి. మెలకువగా ఉన్నప్పుడు గంటకి పదిసార్లు. దగ్గేటప్పుడు కుట్ల మీద దిండు అదిమి పట్టుకుంటే నొప్పి బాగా తగ్గుతుంది. నొప్పి మందు వేసిన అరగంటకి నడిపించాలి తప్ప నడిపించాక మందివ్వడంలో అర్థం లేదు.

"గ్యాస్ పోయిందా?" అని అందరి ముందూ అడిగితే సిగ్గుపడతారు గాని, పేగులు మేలుకున్నాయో లేదో తెలిసే సులువైన ఆనవాలు అది. చిన్నపేగు సాధారణంగా ఒక రోజులోపే కదలడం మొదలుపెడుతుంది, పెద్దపేగుకి రెండు మూడు రోజులు పడుతుంది.

జ్వరం ఏ రోజు వచ్చింది?

జ్వరం వచ్చిన రోజుని బట్టి మూలం వెతకడం నర్సింగ్ విద్యార్థులు బట్టీపట్టే వరస. మొదటి రెండు రోజుల్లో ఊపిరితిత్తులు, మూడో రోజు నుంచి మూత్రం, ఐదు నుంచి ఏడు రోజులకి గాయం, ఆ తర్వాత కాలి సిరలు, ఎప్పుడైనా మందులు. మొదటి రోజు జ్వరానికి ముడుచుకున్న గాలి సంచులే కారణమన్న మాటకి ఆధారాలు బలహీనమని తర్వాతి పరిశీలనల్లో తేలింది. ఆ జ్వరం చాలాసార్లు కోతకి ఒళ్ళు చూపే సహజ స్పందనే. పరీక్షల్లో మాత్రం పాత వరసే ఇంకా నడుస్తోంది.

గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. మన పథ్యం సరిగ్గా వాటినే ఆపుతుంది. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి అని కారప్పొడి అన్నంతో వారాలు గడిపించే ఇళ్ళున్నాయి. చీము పట్టించేది సూక్ష్మజీవి, కందిపప్పు కాదు. డాక్టరు ప్రత్యేకంగా వద్దన్నవి తప్ప పప్పూ గుడ్డూ పెరుగూ పెట్టొచ్చు.

వారం దగ్గర పడుతుండగా పొట్ట కుట్ల మీద హఠాత్తుగా గులాబిరంగు నీరు కారితే, "లోపల ఏదో విడిపోయినట్టుంది" అని మనిషి అంటే, అది కుట్ల లోపొర ఊడిన గుర్తు. పేగు బయటికి కనబడినా లోపలికి తొయ్యకూడదు. తల కాస్త ఎత్తి, మోకాళ్ళు మడిపించి పడుకోబెట్టి, శుభ్రపరిచిన గాజుగుడ్డని సెలైన్‌తో తడిపి కప్పాలి. నోటికి ఏమీ ఇవ్వకూడదు. సర్జన్‌ని పిలిపించాలి, మనిషిని వదిలి వెళ్ళకూడదు.

నలుగురిలో ముందు ఎవరు?

అమెరికాలో రిజిస్టర్డ్ నర్సుగా పనిచెయ్యాలంటే రాయాల్సిన ఎన్‌క్లెక్స్ పరీక్షకి హైదరాబాదులో కూడా కేంద్రం ఉంది. 2023 ఏప్రిల్ నుంచి కొత్త రూపంలో నడుస్తోంది. 85 నుంచి 150 ప్రశ్నలు, ఐదు గంటలు. ముందరి జవాబుల్ని బట్టి కంప్యూటరు తర్వాతి ప్రశ్నని ఎంచుతుంది. అందులో ఎక్కువమందిని తికమకపెట్టేది జ్ఞాపకశక్తికి పెట్టే ప్రశ్న కాదు, ముందు ఎవరిని చూడాలో తేల్చమనే ప్రశ్న. అలాంటి తరహా ప్రశ్న ఒకటి అల్లి చూద్దాం.

మీ వార్డులో నలుగురున్నారు. అపెండిక్స్ తీసి ఒక రోజైన కుర్రవాడు నొప్పి పదికి ఏడంటూ అరుస్తున్నాడు. సిజేరియన్ అయి ఆరు గంటలైన తల్లి ఇంకా గ్యాస్ పోలేదంటోంది. హెర్నియా ఆపరేషన్ మర్నాడు ఒక పెద్దాయనకి వంద డిగ్రీల జ్వరం. థైరాయిడ్ గ్రంథి తీసి మూడు గంటలైన ఒకావిడ అరవడం లేదు, మెడ కట్టు బిగుసుకున్నట్టుందని, గుటక పడటం లేదని మెల్లగా చెప్తోంది. ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?

వార్డులో గొంతు పెద్దదైనవాడి దగ్గరికి కాళ్ళు వాటంతటవే పోతాయి. కుర్రవాడి నొప్పి నిజమే, తీర్చాల్సిందే, కాని నొప్పి ఉందంటే ఊపిరి ఆడుతున్నట్టే. ఆరు గంటలకి గ్యాస్ పోకపోవడం మామూలు. మర్నాటి వంద డిగ్రీల జ్వరం ఆగగలదు. థైరాయిడ్ ఉండేది శ్వాసనాళానికి ఆనుకుని. అక్కడ రక్తం కారితే బయటికి రావడానికి చోటుండదు. లోపలే గడ్డగా పెరిగి, రక్తం తిరుగుదారి మూసి, గొంతు లోపలి పొర వాచేలా చేసి గాలి దారిని ఇరుకు చేస్తుంది. ముందు కట్టు పొడిగానే ఉండొచ్చు, మెడ వెనక చెయ్యి పెట్టి చూడాలి. తల ఎత్తి కూర్చోబెట్టి, సర్జన్‌నీ మత్తు డాక్టర్నీ పరుగున పిలిపించాలి. ఇలాంటి ఆపరేషన్ అయిన మంచం పక్కన కుట్లు విప్పే సామగ్రి, గొంతులో గొట్టం వేసే సామగ్రి ఒక ట్రేలో సిద్ధంగా పెడతారు. డాక్టర్లు వచ్చేలోగా ఊపిరి ఆగిపోయేలా ఉంటే, శిక్షణ ఉన్నవాళ్ళు మంచం దగ్గరే కుట్లు విప్పి గడ్డ బయటికి తీస్తారు. ఆ ట్రే మీద బంధువులు పళ్ళ సంచీ, ఫ్లాస్కూ పెడితే సిస్టర్ విసుక్కునేది అందుకే.